చిన్న ఏనుగా, పెద్ద ఏనుగా?

(మన జమా ఖర్చులు)

ఈ శీర్షికలో ఇంతవరకు ఇంటి అప్పులు, పిల్లల చదువుల అప్పులు, పెళ్లిళ్లకు దాచుకునే సొమ్ము వగైరాల గురించి ముచ్చటించుకున్నాం. మొన్న సంఘం సమావేశంలో ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "నువ్వెప్పుడూ నెల జీతగాళ్ల సంగతులే రాస్తావు. తోటలవాళ్లం, మండీలవాళ్లం నీ కంటికి ఆనమా?" అని నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. మా హోసూరు చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఇళ్లలో సగానికి సగం నేలనో, నేలమీద పండిన సరుకునో నమ్ముకున్నవే. ఆ ఇళ్లలో ఇల్లు కట్టడం తర్వాత అంత పెద్ద నిర్ణయం ఏదయ్యా అంటే బండి కొనడమే. అందుకే ఈ సంచికలో బండి పురాణం.

2005లో టాటావారు ఏస్ అనే చిన్న బండిని దింపారు. రెండు సిలిండర్ల డీజిలు ఇంజను, ముప్పాతిక టన్ను లోడు. ఉత్తరాదివాళ్లు దాన్ని 'ఛోటా హాథీ' అన్నారు, మా తమిళ సోదరులు 'కుట్టి యానై' అన్నారు. మేమూ అదే మాట అలవాటు చేసుకున్నాం. అంతకు ముందు ఆటోలోనో, ఎవరో ఒకరి లారీలో చోటు అడుక్కునో సరుకు పంపిన రైతుకు సొంత బండి అనే మాట ఆ ఏనుగుపిల్లతోనే వచ్చింది. 2011లో అశోక్ లేలాండ్‌వారి దోస్త్ వచ్చింది. ఒకటింబావు టన్ను తరగతి బండి, మొదట్లో తయారైంది మా హోసూరులోనే. దానికి పైన ఒకటిన్నర, ఒకటింముప్పాతిక టన్నుల పికప్పులు. ఇవాళ షోరూముకు వెళితే చీరల దుకాణానికి వెళ్లినట్టే, ఏది చూసినా బాగానే ఉంటుంది. పైగా "ఇంకొక్క యాభై వేలు వేసుకుంటే దాని పై మోడలు వస్తుంది సార్" అనే కుర్రవాడు పక్కనే ఉంటాడు.

చిన్న బండి ఉన్నవాడు పెద్ద బండికి మారాలా వద్దా అన్నది ఎలా తేల్చుకోవాలో, నాకు తెలిసిన ఒక కుటుంబం లెక్కతోనే చెబుతాను. శూళగిరి వైపు ఊరు, మాకు దూరపు చుట్టరికం. పేర్లు ఎందుకులెండి. ఆయన నన్ను బావా అంటాడు, ఆ ఇల్లాలు అన్నా అంటుంది, కొడుకు మామా అంటాడు. కొడుకే బండి తోలుతాడు. సొంత తోటలో టమాటా, కొంచెం గులాబి. ఇరుగుపొరుగు తోటల సరుకు కూడా వేసుకుని బెంగళూరు మార్కెట్టుకు పోతాడు. రానూ పోనూ 130 కిలోమీటర్లు. బండి 2018లో కొన్న ముప్పాతిక టన్నుది, 2023లో అప్పు తీరింది.

2025 ఉగాది వెళ్లాక ముగ్గురూ మా ఇంటికి వచ్చారు. కుర్రవాడు కూర్చోకుండానే మొదలుపెట్టాడు. "మామా, బండి సాల్లేదు. పెద్దది తీసుకుంటే అంతా ఒక్క ట్రిప్పులో అయిపోతాది." తండ్రి అన్నాడు, "ఉన్న బండి కంతులు తీరి రెండేండ్లే అయింది బావా. రెండేండ్లు సుఖంగా నిద్రపోయినా." తల్లి చాలాసేపు ఏమీ అనలేదు. ఆఖరికి ఒకే మాట అడిగింది. "టమేటా రేటు పడిపోయిన నెలలో కంతు ఎవురు కడతారన్నా?"

ముప్పై ఏళ్లుగా అప్పుల దరఖాస్తులు చూస్తున్నాను. అన్ని కాలమ్‌ల ఫారాల్లో ఈ ప్రశ్నకు మాత్రం కాలమ్ ఉండదు. దీనికి జవాబు దొరికితేనే బండి కొనాలి.

షోరూము ఇచ్చిన చీటీ ప్రకారం ఒకటింముప్పాతిక టన్నుల పికప్పు రోడ్డెక్కేసరికి 10 లక్షల 80 వేలు. పాత బండికి 2 లక్షల 5 వేలు వస్తుంది. అప్పు 8 లక్షలు. మిగిలిన 75 వేలకు ఆ తల్లి గాజులు తాకట్టు పెట్టాలని ఇంట్లో అనుకున్నారు. గాజులు ఆమె చేతికే ఉన్నాయి, మాట్లాడుతున్నంతసేపూ వాటిని తిప్పుకుంటూనే ఉంది.

బరువా, చోటా?

మొదట నేనడిగింది, "బండి చాలడం లేదంటే ఏమి చాలడం లేదు?" అని. ఇదేం ప్రశ్న అనుకోకండి. సరుకు రెండు రకాలు. గులాబి వంటిది ముందు తొట్టిని నింపేస్తుంది, తూకం చూస్తే సగం కూడా ఉండదు. అటువంటి సరుకుకు కావలసింది చోటు, దానికి బరువు మోసే బండి కొనడం దండగ. టమాటా అలాకాదు. తొట్టి సగం నిండేసరికే తూకం పూర్తవుతుంది. షోలాపూరులో దుప్పట్ల మూటలు వేసే మనవాళ్లు, బళ్లారిలో జీన్సు కట్టలు వేసేవాళ్లు, యానాంలో ఐసు పెట్టెల్లో చేపలు వేసేవాళ్లు ఎవరి సరుకును వాళ్లు ఇలా ఒకసారి కాటా మీద చూసుకోవాలి.

తూకానికి హద్దు ఎక్కడ తెలుస్తుందంటే, బండి ఆర్.సి.లో. అందులో ఖాళీ బరువు ఒకటి, లోడుతో కలిపి మొత్తం బరువు ఒకటి ఉంటాయి. ఈ రెంటికీ మధ్య తేడాయే చట్టం మనకిచ్చిన చోటు. డ్రైవరూ, పక్కన కూర్చున్న మనిషీ కూడా ఆ లెక్కలోకే వస్తారని గుర్తుపెట్టుకోవాలి.

కుర్రవాడి క్రేటు సరుకుతో 25 కిలోలు, క్రేటు తూకం ఇంకో 2. మొత్తం 27. ముప్పాతిక టన్ను బండికి 27 క్రేట్లు వేస్తే 729 కిలోలు, అక్కడికి సరి. "నువ్వు ఎన్ని వేస్తావురా?" అంటే నవ్వాడు. "నలభై దాకా వేసినా మామా. పట్టీ ఒకటి ఎక్స్‌ట్రా కట్టించినా కదా."

ఈ పట్టీ సంగతి కొంచెం చెప్పాలి. చిన్న బండి వెనక కమాను కట్టకు అదనంగా ఒక పట్టీ వేయిస్తే బండి కుంగదు, నిజమే. కాని బ్రేకులు పెరగవు, ఇరుసు పెరగదు, టైర్లు పెరగవు. పైగా కుంగని బండిని చూసి మనిషికి ధైర్యం పెరుగుతుంది. ఏ బరువుకు తయారుచేసిన బ్రేకు ఆ బరువును ఆపుతుంది. ఇంకో నాలుగైదు క్వింటాళ్లు ఎక్కితే ఆ వేడినీ, ఆ దూరాన్నీ అదే బ్రేకు భరించాలి. దిగువలో పదే పదే తొక్కితే వేడెక్కి పట్టు తప్పుతుంది. ఎక్కువ బరువు మోసే బండికి ధర ఎందుకు ఎక్కువంటే పేరుకు కాదు, ఇరుసు, పట్టీలు, బ్రేకులు, టైర్లు అన్నీ దిట్టంగా ఉంటాయి గనుక. ఆ సంవత్సరం సంక్రాంతి ముందు ఈ బండికే వెనక టైరు పగిలి రోడ్డు వారకు ఈడ్చుకుపోయిందని, క్రేట్ల మీద ఇద్దరు కూలీలు కూర్చుని ఉన్నారని తండ్రి అప్పుడు చెప్పాడు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కుర్రవాడు నేల చూపులు చూశాడు.

చట్టం కూడా ఊరుకోదు. 2019 సెప్టెంబరు నుంచి అధిక లోడుకు జరిమానా 20 వేలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2 వేలు. ఎక్కువ సరుకు దించేదాకా బండి కదలనివ్వరు. దించే ఖర్చు మనదే. ఎండలో టమాటా సంగతి వేరే చెప్పాలా? ఇక సరుకు బండి మీద ఊరికే ఎక్కించుకున్న మనుషులకు బీమా వర్తించదని సుప్రీంకోర్టు ఏనాడో తేల్చింది. పెళ్లికీ జాతరకూ సరుకు బండిలో చుట్టాలను ఎక్కించే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. ఏదైనా జరిగితే ఆ భారం బండి యజమాని ఇంటి మీదికి వస్తుంది.

కాబట్టి వాళ్లకు నేను చెప్పిన మొదటి మాట, బండి మార్చినా మార్చకపోయినా రేపటి నుంచి 27 క్రేట్లు దాటకూడదు, మిగిలింది బాడుగ బండిలో పోవాలి అని. కుర్రవాడు "బాడుగకే పోతాది మామా లాభమంతా" అన్నాడు. పోతుందో లేదో చూద్దామన్నాను.

తీగకు గుచ్చిన చీట్లు

మన పాతకాలపు ఇళ్లలో ఒక మంచి అలవాటుంది. మండీ చీట్లను తీగకు గుచ్చి గోడకు వేలాడదీస్తారు. ఆ ఇంట్లో ఏడాది చీట్లు అలాగే ఉన్నాయి. మర్నాడు తీగతో సహా తెప్పించాను. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. ఏడాదిలో 300 ట్రిప్పులు. అందులో 27 క్రేట్లు దాటినవి 84. ఆ 84లో 44 క్రేట్ల లోపు ఉన్నవి 70. మిగిలిన 14 రోజులు మాత్రమే అంతకు మించి. 44 క్రేట్లంటే 1,188 కిలోలు, ఒకటింబావు టన్ను బండికి సరిపోయే లోడు.

అంటే 300 రోజుల్లో 216 రోజులు చిన్న బండే సరిపోయింది. కుర్రవాడు ఆశ్చర్యపోయాడు. బరువైన రోజులు మనసులో నిలుస్తాయి, తేలిక రోజులు మరుపున పడతాయి. అందుకే జ్ఞాపకాన్ని నమ్మి బండి కొనరాదు, చీట్లను నమ్మి కొనాలి.

ఇప్పుడు బాడుగ. వాళ్ల ఊళ్లో పికప్పుకు ట్రిప్పు 2,800. ఏడాదికి 84 రోజులకు 2,35,200 రూపాయలు. పెద్ద బండి కొంటే ఈ సొమ్ము మిగులుతుంది. ఇది జమ.

ఖర్చు వైపు మూడు పద్దులు. ఒకటి కంతు. 8 లక్షలు, ఐదేళ్లు, 10 శాతం తగ్గే వడ్డీ. నెలకు 16,998. ఏడాదికి సుమారు 2,04,000. రెండు డీజిలు. చిన్న బండి లీటరుకు 18 ఇస్తోంది, పెద్దది లోడు మీద 13 అనుకున్నాం. లీటరు 93 రూపాయలుగా పెట్టుకుంటే ట్రిప్పుకు 672 బదులు 930. తేడా 258. ఇది బరువైన రోజుల్లోనే కాదు, సగం ఖాళీగా పోయే రోజుల్లో కూడా తప్పదు. 300 ట్రిప్పులకు 77,400. మూడు, టైర్లు, సర్వీసు, బీమా వగైరాల్లో ఎక్కువయ్యేది 25 వేలు. బీమాలో ఒక చిన్న ఊరట ఏమిటంటే, మూడో మనిషికి సంబంధించిన తప్పనిసరి బీమా 7,500 కిలోల లోపు సరుకు బండ్లన్నిటికీ ఒకే శ్రేణి. సొంత బండికి జరిగే నష్టం మీద బీమాకే తేడా వస్తుంది.

మూడూ కలిపితే 3,06,400. జమ 2,35,200. ఏడాదికి చేతి నుంచి పడేది 71,200 రూపాయలు.

అయితే పెద్ద బండి దండగేనా? కాదు. ఐదేళ్ల తర్వాత అప్పు తీరి బండి చేతిలో ఉంటుంది. బాడుగ ఇచ్చిన సొమ్ముకు ఏమీ మిగలదు. కాని ఐదేళ్లు గడిచేదాకా ఈ 71 వేలు ఎక్కడి నుంచో రావాలి కదా. వచ్చే దారి ఒక్కటే, బెంగళూరు నుంచి ఖాళీగా రాకుండా తిరుగు లోడు తేవడం. డ్రిప్పు పైపులు, నారు ట్రేలు, కిరాణా సరుకు, ఏదైనా. దించేవాడి కూలీ పోగా ట్రిప్పుకు 900 మిగులుతుందని కుర్రవాడి అంచనా. అంటే ఏడాదికి 79 తిరుగు లోడ్లు. "తెస్తావా?" అన్నాను. "నెలకు రెండు మూడు అయితే ఇప్పుడే సెప్తా మామా. ఏడంటే సెప్పలేను" అన్నాడు. ఆ మాటతో నాకు ఆ కుర్రవాడి మీద నమ్మకం కుదిరింది. అప్పు కోసం వచ్చినవాడు ఏ అంకెకైనా సరేననడం మా ఉద్యోగంలో రోజూ చూసేదే.

మూడు వేల కిలోల గీత

బండి ఎంచుకునే ముందు ఇంకొక అంకె చూసుకోవాలి. లోడుతో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కరలేదు. మించితే పర్మిట్ కావాలి. పొరుగు రాష్ట్రంలోకి పోవాలంటే దానికి తగిన పర్మిట్ ఉండాలి. హోసూరు నుంచి అత్తిబెలె దాటితే కర్ణాటకే. రోజూ సరిహద్దు దాటేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఒకటింబావు టన్ను తరగతి బండ్లు సాధారణంగా ఈ గీతకు లోపల ఉంటాయి, ఒకటింముప్పాతిక టన్నువి దాటుతాయి. మోడలు పేరు చూసి కాదు, కాగితం మీద మొత్తం బరువు చూసి తేల్చుకోవాలి. ఇరవై కిలోల తేడాతో గీత అటో ఇటో అయ్యే బండ్లున్నాయి.

లైసెన్సు సంగతిలో భయపడనక్కరలేదు. 7,500 కిలోల లోపు సరుకు బండిని లైట్ మోటారు వెహికల్ లైసెన్సుతోనే తోలవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఫిట్‌నెస్ మాత్రం మరిచిపోకూడదు. సరుకు బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా చేయించాలి. 2018 బండికి ఆ ఏటేటి తిప్పలు దగ్గరపడుతున్నాయి కనుక, బండి మార్చాలన్న కుర్రవాడి మాటలో కొంత న్యాయం ఉందని నేనూ ఒప్పుకున్నాను.

రెండో చిన్న బండి కొంటే ఎలా ఉంటుందని తండ్రి అడిగాడు. రెండో డ్రైవరు జీతం వేస్తే లెక్క అక్కడే ఆగిపోయింది. గ్యాసు బండి అయితే సిలిండర్ల బరువు కొంత లోడును మింగుతుంది. కరెంటు బండి ఊళ్లో తిరిగేవాళ్లకు బాగానే ఉంటుంది గాని, లోడుతో రోజుకు 130 కిలోమీటర్లంటే దారిలో చార్జింగు ఎక్కడో ముందే చూసుకోవాలి.

వాడుక కంతు

ఇక ఆ తల్లి ప్రశ్న. టమాటా సంగతి మీకు తెలియనిది కాదు. 2023 జులైలో చిల్లర ధర కిలో వంద దాటి ఊరంతా టమాటాను బంగారం లాగా చూసింది. మరో ఏడు కోత కూలీ కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోస్తారు. కంతుకు మాత్రం ఈ సంగతులు పట్టవు, ప్రతి నెలా అదే తేదీకి అదే అంకె.

నేను చెప్పిన ఉపాయం ఇది. "బండి కొనకముందే కంతు కట్టడం మొదలుపెట్టండి. నెలకు 17 వేలు రికరింగు డిపాజిట్టులాగా పక్కన వేయండి. ఆరు నెలలు చూద్దాం. ఏ నెల కట్టగలిగారు, ఏ నెల కట్టలేకపోయారు, అది మీ తోట ఇచ్చే జవాబు. కట్టిన సొమ్ము ఎక్కడికీ పోదు, రేపు మార్జినుకు పనికొస్తుంది. గాజులు చేతికే ఉంటాయి." ఆ మాటకు ఆమె మొదటిసారి తలెత్తింది. "అట్లయితే నాకు సమ్మతమే" అంది. ముగ్గురిలో ముందు ఒప్పుకుంది ఆమే.

అధిక లోడు మానడం, మిగతా సరుకుకు బాడుగ ఇవ్వడం, కంతు వాడుక, మూడూ ఒకేసారి మొదలయ్యాయి. నాలుగు నెలలు 17 వేలు పడ్డాయి. రెండు నెలలు ధర పడిపోయి సగమే, 8,500 చొప్పున పడ్డాయి. మొత్తం 85 వేలు. ఆరుతో భాగిస్తే నెలకు 14,167. అంటే మంచీ చెడూ కలిపి ఆ ఇంటి నడుము మోయగలిగేది 14 వేల చిల్లర. 17 వేలు ఆ ఇంటికి అధిక లోడన్నమాట. బండికి ఒక హద్దు ఉన్నట్టే ఇంటికీ ఒకటి ఉంటుంది, దాన్ని రాసి పెట్టే ఆర్.సి. మాత్రం ఎవరూ ఇవ్వరు, మనమే తూచుకోవాలి.

ఆగడంలో ఇంకో మేలు జరిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్ల మీద జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గింది. దసరా వెళ్లాక మళ్లీ లెక్కకు కూర్చున్నాం. ఒకటింబావు టన్ను బండి రోడ్డెక్కేసరికి 9 లక్షల 40 వేలు. పాత బండి 2,05,000, డిపాజిట్టు 85 వేలు పోగా అప్పు 6 లక్షల 50 వేలు. కంతు 13,810. ఏడాదికి 1,65,720. డీజిలు లీటరుకు 15 చొప్పున ఎక్కువయ్యేది 40,300. ఇతరాలు 15 వేలు. వెరసి 2,21,020. బాడుగ మిగిలేది 70 రోజులకే గనుక 1,96,000. చేతి నుంచి పడేది 25 వేలు. దానికి 28 తిరుగు లోడ్లు చాలు, అంటే కుర్రవాడు తన నోటితో చెప్పిన నెలకు రెండు మూడు.

"ధర దానికి కూడా తగ్గింది కదా మామా" అని అతను పెద్ద బండి చీటీ మళ్లీ తీశాడు. నిజమే, అది కూడా వేశాం. అప్పు 7 లక్షల 15 వేలకు దిగింది, కంతు 15,192 అయింది. చేతి నుంచి పడేది దాదాపు 50 వేలు, తిరుగు లోడ్లు 55. కంతు 14,167 దాటింది. పైగా గీత దాటిన బండి గనుక పర్మిట్. డీజిలు మాత్రం ఎవరి మీద దయ చూపి తగ్గుతుంది? కుర్రవాడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. చివరికి పెద్ద బండి చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. పారేయలేదు. ఆ వయసుకు అది సహజమే.

ఒకటింబావు టన్ను బండి వచ్చింది. తరువాతి నెలల్లో నెలకు మూడు, ఒకోసారి నాలుగు తిరుగు లోడ్లు వచ్చాయి. 44 క్రేట్లు దాటిన రోజున బాడుగ బండి పిలుస్తున్నాడని తండ్రి చెప్పాడు. నేను అడగకుండానే చెప్పాడు.

అప్పు కాగితాల దగ్గర

బ్యాంకువాణ్ని గనుక నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

వడ్డీ అడిగేటప్పుడు 'ఫ్లాటా, తగ్గే వడ్డీయా' అని తప్పక అడగండి. "7 శాతమే సార్" అని చెప్పే ఫ్లాటు వడ్డీలో, మీరు తీర్చిన అసలు మీద కూడా ఐదేళ్లూ వడ్డీ పడుతూనే ఉంటుంది. 8 లక్షలకు 7 శాతం ఫ్లాటు చొప్పున ఐదేళ్లకు 2,80,000 వడ్డీ, కంతు 18,000. తగ్గే వడ్డీ లెక్కలో చూస్తే అది పన్నెండున్నర శాతం. మా 10 శాతం అప్పుకు కంతు 16,998. 7 పెద్దదా, 10 పెద్దదా మీరే చెప్పండి.

కంతు తక్కువగా కనిపిస్తుందని గడువు పెంచకండి. అదే 8 లక్షలకు ఏడేళ్లయితే కంతు 13,281కి దిగుతుంది. కాని వడ్డీ 2 లక్షల 20 వేల నుంచి 3 లక్షల 15 వేలకు పోతుంది. ఆరో ఏట టైర్లు, ఇంజను పని మొదలయ్యేసరికి ఇంకా కంతులు కడుతూనే ఉంటారు.

చిన్న వ్యాపారానికి వాడే సరుకు బండికి ముద్ర పథకం కింద 10 లక్షల వరకు తాకట్టు లేకుండా అప్పు అడగవచ్చు. మొదటే నగల దాకా పోనక్కరలేదు. ఇక జి.ఎస్.టి. రిజిస్ట్రేషను ఉన్న వ్యాపారులు సరుకు బండి మీద కట్టిన పన్నును తిరిగి జమ చేసుకోవచ్చు. పన్ను లేని తాజా కూరగాయలు, పూలు మాత్రమే అమ్మేవాళ్లకు ఆ వీలు లేదు. ఎవరైనా "అంతా తిరిగి వస్తుంది" అంటే నమ్మకండి.

ఆఖరిది మనవంటి వాళ్లకు ముఖ్యమైనది. ఇంట్లో తెలుగు, మండీలో కన్నడం, ఆఫీసులో తమిళం, అప్పు కాగితం ఇంగ్లీషు. అర్థం కాని కాగితం మీద సంతకం చేయడం మనకు అలవాటైపోయింది. చదువుకున్న పిల్లనో పిల్లవాణ్నో పక్కన కూర్చోబెట్టుకుని వడ్డీ, గడువు, ముందే తీరిస్తే పడే రుసుము, కంతు తప్పితే పడే జరిమానా, ఈ నాలుగు అంకెలూ తెలుగులో ఒక కాగితం మీద రాయించుకోండి. అప్పు తీరిన రోజున బ్యాంకు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, సంతకం చేసిన ఫారం 35 తీసుకుని ఆర్.సి.లో బ్యాంకు పేరు కొట్టివేయించుకోవడం మరువకండి. అప్పు తీర్చి ఐదేళ్లయినా ఆ పేరు అలాగే ఉండిపోయి, బండి అమ్మబోయే రోజున అప్పు ఇచ్చిన శాఖ కోసం వెతుక్కునేవాళ్లు చాలామంది మా కౌంటరు దగ్గరికి వస్తుంటారు.

బరంపురం, షోలాపూరు, బళ్లారి, యానాం పాఠకులు తమ సరుకు, తమ బాడుగ, తమ దూరం వేసుకుని ఇదే లెక్క చేసి చూడండి. అంకెలు మారతాయి, వరుస మారదు. చీట్లు తీగకు గుచ్చే అలవాటు లేనివాళ్లు ఈ రోజే ఒక తీగ కొనండి. వచ్చే సంచికలో బ్యాంకు ఖాతాలకు నామినీ పేరు రాయించడం గురించి ముచ్చటించుకుందాం. మీ సందేహాలు సంఘం చిరునామాకు రాయండి.